ఆడిట్ సీజన్‌లో పుస్తకం, భోజనం, సంగీతం: ఏవి నిలబడతాయి?

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ (సీఏ చదివేవాళ్లు ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ), రెండో ఏడు. హాస్టల్‌లో ఉంటున్నారు. ఆగస్టు చివరి నుంచి రాత్రి పది దాటితే గానీ బయటపడటం లేదు. ఇష్టపడి కొన్న నవల అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది. రోజూ ఆర్డర్ పెట్టుకున్న బిర్యానీయే. చెవుల్లో రోజంతా పాటలు మోగుతున్నా ఏదీ విన్నట్టు ఉండటం లేదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లు ఏం చదువుతున్నారు, ఏం తింటున్నారు, ఏం వింటున్నారు, అసలు ఇవన్నీ కుదిరే పనేనా?

కుదురుతుంది. నా జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే: సీజన్‌లో, అంటే సెప్టెంబర్ 30 ఆడిట్ రిపోర్టు గడువుకి ముందు వారాల్లో, కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. చిన్నవి, తెలిసినవి, ముందే ఎంచి పక్కన పెట్టుకున్నవి మాత్రమే దగ్గర ఉంచుకోండి. పుస్తకమైనా, కూరైనా, కచేరీ అయినా.

నేను విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్నాను. గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు, కొందరు ఆర్టికల్స్ (శిక్షణలో ఉన్న పిల్లలు), ఇద్దరు అకౌంటెంట్లు. ఈ పనిలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. కాబట్టి పెద్ద ఫర్ముల్లో పద్ధతులు వేరుగా ఉండొచ్చు, ఆ తేడా మీరే సరిచూసుకోండి.

టైం లేకపోవడం వల్లే చదవలేకపోతున్నామని అందరూ అంటారు. అది సగం నిజం. రాత్రి పదిన్నరకి హాస్టల్‌కి వచ్చిన మనిషి పన్నెండింటి దాకా ఫోన్ తిప్పుతూనే ఉంటాడు కదా, ఆ గంటన్నర టైం కాదా? అసలు పోయేది ఎంచుకునే ఓపిక. మన పని చూడండి. ఈ రిపేరు ఖర్చు రెవెన్యూనా, క్యాపిటలా? ఈ పార్టీకి ఒకే రోజు నగదుగా ఇచ్చింది 10,000 రూపాయలు దాటిందా? ఈ సప్లయర్ ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) జాబితాలో ఉన్నాడా, ఉంటే 45 రోజుల్లో డబ్బు కట్టారా? ఈ మెషీన్ వాడకంలోకి వచ్చి 180 రోజులు అయిందా, లేక సగం తరుగుదలే వస్తుందా? పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇలాంటి చిన్న చిన్న తీర్పులే. ఆ తర్వాత తిండి ఆర్డర్ చేసే యాప్ తెరిచి, ఇరవై నిమిషాలు పైకీ కిందికీ జరిపి, చివరికి నిన్నటి బిర్యానీయే పెడతారు. ఎంచుకునే పని ముందే అయిపోయి ఉంటే ఆ ఇరవై నిమిషాలు మీవే.

అందుకే నా ఎంపికలన్నీ జులైలో అయిపోతాయి. జీతాలవాళ్ల రిటర్నులు ఒక కొలిక్కి వచ్చాక, ఒక ఆదివారం కూర్చుని సెప్టెంబర్ పుస్తకాలు బయటికి తీస్తాను. పొడులు కొట్టిస్తాను. వినేవి ఫోన్‌లోకి దించుకుంటాను. మీకు ఈసారికి ఆ జులై దాటిపోయింది, ఫరవాలేదు. ఈ ఆదివారం ఒక పూట చాలు.

ముందు చదువు.

నవల వదిలేయండి. అరవయ్యో పేజీలో ఆపినందుకు బాధపడక్కర్లేదు. ఒక చీటీ మీద కథ ఎక్కడ ఉందో రెండు మూడు వాక్యాలు రాసి (ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇప్పుడు ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, మీకేం అనుమానం వచ్చింది) ఆ పేజీలోనే పెట్టి అలమారాలో పెట్టేయండి. నవంబర్‌లో తెరిస్తే మొదటి నుంచి చదవాల్సిన పని ఉండదు. ఈ చీటీ లేకనే చాలామంది నవలలు శాశ్వతంగా ఆగిపోతాయి.

సీజన్‌లో నడిచేది కథ, పద్యం. అవి కూడా ఒకసారి చదివేసినవైతే ఇంకా మంచిది. తెలిసిన కథలో తర్వాత ఏమవుతుందోనన్న తొందర ఉండదు, వాక్యం ఎలా నడిచిందో చూసుకుంటూ పోవచ్చు. అలసిన తలకి అది హాయి.

ఈసారి నా బల్ల మీద ఉన్నవి చెప్తాను. మొదటిది సత్యం శంకరమంచి అమరావతి కథలు. నూరు కథలు, చాలావరకు మూడు నాలుగు పేజీలకి మించవు. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చినవి. రాత్రికి ఒకటి. ఇందులో నాకొక తమాషా కూడా ఉంది. పగలంతా మా ఆఫీసులో అమరావతి అంటే ప్లాటు, సేల్ డీడు, క్యాపిటల్ గెయిన్స్ లెక్క. రాత్రి అదే అమరావతి కృష్ణ ఒడ్డున గుడి, రేవు, పడవ. ఒకే ఊరి పేరు రోజుకి రెండు రకాలుగా చదవడం మా విజయవాడ ఆడిటర్లకి మాత్రమే దొరికే అదృష్టం అనుకుంటాను.

రెండోది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు. గులాబీ అత్తరు కథ ప్రతి సీజన్‌లోనూ ఒకసారి చదువుతాను. అపురూపమైన అత్తరు తయారుచేసిన మనిషి దాన్ని పెద్దాపురం ప్రభువుకి స్వయంగా చూపించాలని వస్తాడు. లోపలున్న ప్రభువు రసికుడే. వాకిట్లో ఉన్నవాణ్ణి దాటి వెళ్లడమే కష్టం. ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక కౌంటర్ దగ్గర ఫైలు పట్టుకుని నిలబడిన రోజు రాత్రి చదివి చూడండి, ఆ కథ ఇంకోలా వినిపిస్తుంది. శాస్త్రిగారి సంభాషణలు పైకి చదువుకోవడానికి కూడా బాగుంటాయి. మా ఆయన కూరగాయలు తరుగుతుంటే నేను చదువుతాను. మార్గదర్శి కూడా మంచి కథే, ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా వ్యాపారంలోకి దిగిన కుర్రవాడిది, మన వృత్తివాళ్లకి నచ్చుతుంది. కాకపోతే చాలా పెద్ద కథ. అది సెప్టెంబర్ 21, 22 తేదీల్లో పెట్టుకోండి. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న అడ్వాన్స్ టాక్స్, 20న జీఎస్టీఆర్-3బీ, ఈ పన్ను గడువులన్నీ అయిపోయాక ఆ నెలలో కాస్త గాలి ఆడేది ఆ రెండు రోజులే.

మూడోది చాసో (చాగంటి సోమయాజులు) కథ, వాయులీనం, అంటే వయొలిన్. ఒక మధ్యతరగతి ఇల్లు, ఇల్లాలి జబ్బు, దాని ఖర్చు, ఆ ఇంట్లో ఉన్న వాయులీనం. ఇంతకంటే చెప్పను, చదవకపోతే చదవండి. మనం రోజంతా ఆస్తులు, అప్పులు అని రెండు వరసలు రాస్తూ ఉంటాం. ఒక వస్తువు ఇంట్లోంచి వెళ్లిపోతే ఏ వరసలోనూ కనబడకుండా పోయేదేమిటో ఆ కొద్ది పేజీల్లో ఉంది.

ఇక కథ కూడా చదవలేని రాత్రులుంటాయి, గడువుకి ముందు ఆఖరి వారం. అప్పుడు శతకం. నాలుగు పాదాలు చదివి దీపం ఆర్పేయొచ్చు. సుమతీ శతకంలో ఎలాంటి ఊళ్లో ఉండాలో చెప్పిన పద్యం ఉంది కదా: అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎప్పుడూ పారే ఏరు, ద్విజుడు ఉన్న ఊళ్లో ఉండమంటాడు. ఆ జాబితాలో ఆడిటర్ లేడని మా సీనియర్ ప్రతి సెప్టెంబర్‌లో గుర్తుచేసేవారు. నవ్వు వచ్చేది గానీ, నవ్వాక మళ్లీ ఫైలే.

చదవడం ఎప్పుడు అంటారా? మంచం మీద వద్దు. సీజన్‌లో తల దిండుకి తగిలిందంటే పుస్తకం ముఖం మీద పడుతుంది. నా టైం మధ్యాహ్నం భోజనం తర్వాతి పావుగంట. మా ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర ఫోన్లు ఉండవు, అది నేను పెట్టిన రూలే. మొదట్లో పిల్లలు గొణిగారు. ఇప్పుడు ఒకమ్మాయి రోజూ వారపత్రిక తెస్తుంది, మిగతావాళ్లు దాని కోసం కొట్టుకుంటారు. ఇంకో చోటు కూడా ఉంది. గడువు దగ్గరపడ్డాక ఏ అప్‌లోడ్ అయినా నెమ్మదిగానే కదులుతుంది. తెర మీద ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు. పక్కన శతకం ఉంటే ఒక పద్యం అయిపోతుంది.

కాగితం పుస్తకమే ఎందుకంటే, పన్నెండు గంటలు తెర చూసిన కళ్లకి ఇంకో తెర చూపించడం ఎందుకని. విజయవాడ వాళ్లకి ఇందులో ఒక సుఖం ఉంది, జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం. మిగతా ఏడాదికి ఏలూరు రోడ్డు షాపులు. జనవరిలో కొన్నవి సెప్టెంబర్‌కి చదువుతాను. హైదరాబాద్‌లో మీకూ పుస్తక ప్రదర్శన ఉంది, అదీ సీజన్ అయిపోయాకే వస్తుంది కాబట్టి బోనస్ డబ్బులు కూడా చేతిలో ఉంటాయి (ఆర్టికల్స్‌కి బోనస్ ఏమిటని మీరు నవ్వుకుంటారని తెలుసు).

తిండి. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చదువు మానేస్తే సెప్టెంబర్ గడుస్తుంది, తిండి పాడైతే గడవదు.

బిర్యానీ మీద నాకేమీ కోపం లేదు. మధ్యాహ్నం రెండింటికి అది తిని మూడింటికి స్టాకు లెక్కలు సరిచూడమంటే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి, అంతే. దాన్ని రిపోర్టు అప్‌లోడ్ అయిన సాయంత్రానికి ఉంచండి. మా ఆఫీసులో అదే ఆనవాయితీ, పెద్ద క్లయింటు ఫైలు ముగిసిన రోజు అందరికీ బిర్యానీ.

రోజువారీకి నేను తిప్పి తిప్పి తెచ్చుకునేవి మూడే: దద్దోజనం, పులిహోర, కందిపొడి అన్నం. రోజూ ఏం వండాలన్న ఆలోచనే ఉండదు. చాలామంది దద్దోజనం బాక్సులో పెట్టుకుని మధ్యాహ్నానికి పుల్లబడిందని మానేస్తారు. పొద్దున్నే అన్నాన్ని కొంచెం మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, కాచిన పాలు పోసి కలపాలి. పాలు ఎక్కువైనట్టు, జారుగా కనబడాలి, అన్నం మొత్తం పీల్చేసుకుంటుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, అప్పుడు ఒక్క చెంచాడు పెరుగు వేసి కలపండి. ఉప్పు, అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, ఆవాలు, కరివేపాకు, ఇంగువ పోపు. బాక్సు మూత పెట్టేయండి. మీరు వోచర్లు చూసుకుంటున్నంతసేపూ అది బాక్సులోనే తోడుకుంటుంది. ఒంటిగంటకి తెరిస్తే కమ్మగా ఉంటుంది, పులుపు ఉండదు. దానిమ్మ గింజలు వేసుకుంటారా, మాగాయ ముక్క పెట్టుకుంటారా మీ ఇష్టం. మాగాయ అయితే ఇంకేమీ అక్కర్లేదని నా అభిప్రాయం.

పులిహోరకి చింతపండు గుజ్జు ముందే చేసి పెట్టుకోవాలి. చిక్కగా తీసిన రసంలో పసుపు, ఉప్పు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, కాస్త బెల్లం వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాకి ఎత్తితే ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది. పొద్దున అన్నం ఆరబెట్టి గుజ్జు కలిపి, పోపు మాత్రం అప్పటికప్పుడు వేయాలి. వేరుశనగపప్పు మెత్తబడితే పులిహోర సగం పోయినట్టే. కందిపొడి సంగతి మీకు తెలియంది కాదు. వేడన్నం, నెయ్యి, పొడి, పక్కన ఒక ఉల్లిపాయ. గుంటూరు వైపు వాళ్లం కాబట్టి మా ఇంట్లో వెల్లుల్లి పడుతుంది.

మీరు హాస్టల్‌లో ఉన్నారు కాబట్టి ఇదంతా కుదరకపోవచ్చు. గదిలో వంట ఒప్పుకోని హాస్టళ్లే ఎక్కువ. ఒప్పుకుంటే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి, ఇంటి నుంచి అమ్మ పంపే పొడులు, పెరుగు, వీధి చివర కర్రీ పాయింట్. కర్రీ పాయింట్‌లో మసాలా కూరలు, వేపుళ్లు పక్కన పెట్టి పప్పు, చారు కట్టించుకోండి. అన్నం మీది, పప్పు వాళ్లది. పూటకి అయ్యే ఖర్చు కూడా బిర్యానీలో చిన్న భాగమే. ఒప్పుకోకపోతే హాస్టల్ అన్నమే తినండి గానీ మజ్జిగ మాత్రం మానొద్దు.

సాయంత్రం ఐదింటికి ఆఫీసులో వచ్చేది అసలు ప్రమాదం. టీతో పాటు మిరపకాయ బజ్జీల పొట్లం. విజయవాడలో బజ్జీని కాదనడం నా వల్ల కాదు కాబట్టి శనివారం ఒక్కరోజుకి ఖాయం చేశాను. మిగతా రోజుల్లో శనగ గుగ్గిళ్లు. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి తెస్తే సాయంత్రానికి పోపు వేడి చేసుకోవడమే. నవరాత్రుల్లో అయితే ఆ బాధ కూడా లేదు, ఎవరో ఒకరి ఇంటి నుంచి ప్రసాదం వస్తూనే ఉంటుంది. 2025లో చూడండి, శరన్నవరాత్రులు సెప్టెంబర్ 22న మొదలై అక్టోబర్ 2న విజయదశమి. ఆడిట్ రిపోర్టు గడువు సెప్టెంబర్ 30 సరిగ్గా వాటి మధ్యలో. కొండ మీద అమ్మవారికి క్యూలు, కింద మా ఊళ్లో ట్రాఫిక్ మళ్లింపులు, ఆఫీసులో ఫైళ్లు, బల్ల మీద కట్టెపొంగలి. ఆ రోజుల్లో క్లయింట్లు పత్రాలు తేవడం మర్చిపోతారు గానీ ప్రసాదం మర్చిపోరు.

ఇంకొకటి, ఇది నా సొంత సిద్ధాంతం, ఎవరూ ఒప్పుకోరు. సెప్టెంబర్, అక్టోబర్‌లకి సరైన పండు సీతాఫలం. సీజన్‌కి సీజన్ కలిసి వస్తుందనే కాదు. సీతాఫలం తింటూ లాప్‌టాప్ ముట్టుకోలేం. రెండు చేతులూ కావాలి, వేళ్లు జిగురవుతాయి, గింజ గింజకీ గుజ్జు నోట్లోనే విడదీయాలి, గింజలు ఉమ్మడానికి పక్కన ప్లేటు కావాలి. పండు అయ్యాక లేచి చేతులు కడుక్కోవాలి. అంటే పది నిమిషాలు మీరు మెషీన్ దగ్గర లేనట్టే. ఆపిల్ తింటూ మనిషి ఇంకో యాభై ఎంట్రీలు చూసేస్తాడు, తిన్న సంగతి కూడా గుర్తుండదు. సుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి డాక్టర్ చెప్పింది వినండి.

సంగీతం. రోజంతా చెవుల్లో పాటలున్నా ఏదీ విన్నట్టు లేదన్నారు. పని చేసేటప్పుడు వినేది వేరు, వినడానికి వినేది వేరు. రెండిటికీ ఒకే ప్లేలిస్టు పెడితే రెండూ పాడవుతాయి.

మన పనిలో అంకెలు, పేర్లు మనసులో పలుకుతూ ఉంటాం. ఇన్‌వాయిస్ నంబరు చూసి, లోపల ఒకసారి అనుకుని, లెడ్జర్‌లో వెతుకుతాం. ఆ క్షణంలో చెవిలో తెలుగు పాట సాగుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మా ఆర్టికల్ కుర్రాడొకడు సినిమా పాటలు వింటూ ఎంట్రీలు ఎక్కిస్తూ, డీజిల్ ఖర్చులని ఉండాల్సిన వివరణలో పాటలోని ప్రేయసిని పిలిచే మాట కొట్టేశాడు. క్లయింటు గారి అబ్బాయి అది చూసి, మా లారీకి ఈ పేరు ఎప్పుడు పెట్టామండీ అని అడిగాడు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఎంట్రీలు, వోచర్లు, లెడ్జర్లు చూసేటప్పుడు మాటల్లేని సంగీతమే. ఫైళ్లు కుట్టేటప్పుడు, స్కానింగ్ చేసేటప్పుడు ఏ పాటలైనా పెట్టుకోండి, ఆ పనికి అవే బాగుంటాయి.

మాటల్లేనివి అంటే మనకి కొదవా? చిట్టిబాబు వీణ, ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి వీణ. ఇద్దరినీ ఒకే రోజు వింటే శిష్యుడు ఏది తీసుకున్నాడో, ఏది తనదిగా మార్చుకున్నాడో కొంచెం కొంచెం తెలుస్తుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టి 2014 సెప్టెంబర్ 19న వెళ్లిపోయారు. సెప్టెంబర్ కాబట్టి మా సీజన్ మధ్యలో ఆ రోజు వస్తుంది, ఆ పూట ఆఫీసులో ఆయనే. మాండలిన్ మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకడమే కష్టం. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అది పలికించారు. ఒక జాగ్రత్త: ఆయన వేగం అందుకున్నాక మన మౌస్ కూడా వేగం అందుకుంటుంది, టిక్కులు ఎక్కువ పడిపోతాయి. వెరిఫికేషన్‌కి వీణ, రొటీన్ ఎంట్రీలకి మాండలిన్ అని మావాళ్లు వాళ్లంతట వాళ్లే తేల్చుకున్నారు. నాదస్వరానికి, షేక్ చినమౌలానా గారిదైనా సరే, నేను ఆఫీసులో ఒప్పుకోను. అది వస్తే పని ఆగిపోతుంది. అది ఆదివారానికి.

చాసో కథ చదివిన రాత్రి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం వినండి. చాసోది విజయనగరం. నాయుడుగారు ఆ ఊళ్లోనే, 1919లో మొదలైన సంగీత కళాశాలలో పాఠం చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. పాత రికార్డులు, గరగర ఉంటుంది, చాలావరకు మూడు నిమిషాల ముక్కలే. ఆ గరగర వెనక నుంచి వచ్చే కమానుకి కథలోని వాయులీనం ఇంకా బరువెక్కుతుంది. చదివినదానికి, విన్నదానికి ఇలా ఒక ముడి వేసుకోగలిగితే అలసట మధ్యలో కూడా రెండూ గుర్తుండిపోతాయి.

వినడానికి వినేది ఇంటికి వెళ్లే దారిలో. ఒక్కటే, గాత్రం. నేను గవర్నర్‌పేట నుంచి పటమట వెళ్లాలి. రాత్రి పూట బందరు రోడ్డు ఎక్కి బెంజ్ సర్కిల్ దాటేలోపు శ్రీరాగంలో ఎందరో మహానుభావులు ఒకసారి పూర్తవుతుంది, ఎవరు పాడినా సుమారు పది నిమిషాల కీర్తన. రోజూ అదే వింటాను, పాడేవాళ్లు మారతారు. ఒకరోజు బాలమురళి, ఒకరోజు ఇంకొకరు. విసుగు రాదా అంటే, మొదటి వారం వస్తుంది. తర్వాత చరణాల వరస తెలిసిపోయి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ కాలం సాగదీశారో వినబడటం మొదలవుతుంది. రోజుకొక కొత్త పాట వింటే ఇది ఎప్పటికీ రాదు. మీకు శాస్త్రీయ సంగీతం అలవాటు లేకపోతే హంసధ్వనితో మొదలుపెట్టండి. వినాయకచవితి పందిట్లో వాతాపి గణపతిం మీ చెవిన పడే ఉంటుంది. ఐదే స్వరాలు, మధ్యమం (మ), ధైవతం (ద) ఉండవు, అందుకే తొందరగా గుర్తుపట్టేస్తారు. ఒక నెలంతా ఆ ఒక్క రాగమే వీణ మీద, వాయులీనం మీద, గాత్రంలో వినండి. బండి నడుపుతూ మాత్రం చెవుల్లో ఏమీ పెట్టుకోకండి. నాకు కారు ఉంది కాబట్టి సరిపోయింది, మీరు మెట్రోలో వినండి.

ఇక 3సీడీ (ఆడిట్ వివరాల ఫారం) చివరిసారి చదివేటప్పుడు, సంతకానికి ముందు, యూడిన్ (రిపోర్టుకి వేసే గుర్తింపు నంబరు) తీసేటప్పుడు ఏ సంగీతమూ వద్దు. వీణ కూడా వద్దు. ఫ్యాను చప్పుడు చాలు. క్లయింటు ఆఫీసులో కూర్చున్నప్పుడు కూడా చెవుల్లో ఏదీ ఉండకూడదు. అది మర్యాద ఒక్కటే కాదు. అక్కడి క్యాషియర్ పక్కవాడితో మాట్లాడుకునే మాటల్లో సగం ఆడిట్ ఉంటుంది.

కొన్ని మినహాయింపులు చెప్పాలి. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లకి ఈ పావుగంటలు కూడా దొరకవు. వాళ్లు పుస్తకం సంగతి మర్చిపోయి నిద్ర చూసుకోవాలి. ఇంటికెళ్లి వంట చేయాల్సినవాళ్లకి (ఆడవాళ్లమే ఎక్కువ, దాచేదేముంది) పొడులు, గుజ్జు ముందే చేసిపెట్టుకోమన్న సలహా ఇంకో పనిలా తోస్తుంది. మా ఇంట్లో జులై ఆదివారం ఆ పని మా ఆయన, మా అబ్బాయి చేస్తారు, నేను ఉప్పు చూస్తాను. ఆ ఏర్పాటు దానంతటది రాలేదు, గట్టిగా అడిగితే వచ్చింది.

గడువు పొడిగిస్తే ఏం చేయాలన్నది ఇంకో సంగతి. 2025లో ఆడిట్ రిపోర్టు గడువు సెప్టెంబర్ 30 నుంచి మొదట అక్టోబర్ 31కి, ఆ తర్వాత నవంబర్ 10కి జరిగింది. అందరూ హమ్మయ్య అంటారు గానీ, టెన్షన్ కూడా అంతే సాగుతుంది. పొడిగింపు వార్త వచ్చిన రోజు మా ఆఫీసు ఆరింటికే మూసేస్తాను. మర్నాటి నుంచి కథల వరస అలాగే సాగుతుంది, నవల మాత్రం అలమారాలోనే. పొడిగింపు వచ్చింది కదా అని నవల తీసినవాళ్లు మళ్లీ ఎనభయ్యో పేజీలో ఆగిపోతారు.

ఇదంతా సీజన్ గురించి. మీ ఆఫీసులో ఫిబ్రవరిలోనూ, జూన్‌లోనూ కూడా రాత్రి పదేనా? అయితే దాన్ని సీజన్ అనరు, అక్కడ పని పంచే పద్ధతి బాగాలేదు. దానికి దద్దోజనం, హంసధ్వని ఏమీ చేయలేవు. మీ ప్రిన్సిపాల్‌తో (మీకు శిక్షణ ఇస్తున్న ఆడిటర్‌తో) మాట్లాడండి. ఫలితం లేకపోతే, కారణాలు సరైనవైతే ఆర్టికల్‌షిప్ మార్చుకునే వీలు నిబంధనల్లో ఉంది, సీనియర్లని అడిగి తెలుసుకోండి.

చివరగా ఒకటి. మీ ఆఫీసులో ఫ్రిజ్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే, ఎండలు గట్టిగా ఉన్న రోజుల్లో దద్దోజనంలో పెరుగు చెంచాడు కాదు, అరచెంచా చాలు. పాలు బాగా మరిగించి పోయండి, ఉప్పు తినే ముందు కలుపుకోండి. మబ్బు పట్టిన రోజైతే నేను పైన చెప్పినట్టే చేయండి.